పడవవాళ్ళ పలక

పొద్దు వాలేలోగా పోలన చేయవలసిన పనులు ఇవి. కుమ్మరి వేషంలో కోట వాకిలి దాటాలి. కొండ మీది విశ్వసూత్ర మండపం చేరాలి. మండపం గడపలో కూర్చున్న శరభాన్ని తప్పించుకోవాలి. లోపల వేలాడే పలకల్లో పడవవాళ్ళ పలకను వెతికి, దాని తెల్లదారం విప్పాలి. ఎర్రదారంతో దాన్ని మనిషి పలక కింద కట్టాలి. ఆ తరవాత ప్రాణాలతో బయటపడాలి. బయటపడకపోయినా ఫరవాలేదు, కట్టడం ముఖ్యం.

ఇవి కాక ఇంకో పని ఉంది. పక్కన నడుస్తున్న పైడికి ఒక నిజం చెప్పాలి. రేవు నుంచి కోట దాకా నడిచి వచ్చినా ఆ పని మాత్రం అతను మొదలుపెట్టలేదు.

"ఎవర్రా అది?" అంటూ కోట వాకిట కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"కుమ్మరులం దొరా. మండపానికి ఖాళీ పలకలు తెచ్చాం," అన్నాడు పోలన, నెత్తి మీది గంప సర్దుకుంటూ.

"పలకలకి ఇద్దరెందుకు?"

"ఈయన మోస్తాడు, నేను పగలకుండా చూస్తాను," అంది పైడి. "పోయినసారి ఒక్కణ్ణే పంపితే సగం పగలగొట్టుకొచ్చాడు."

"నీ మొగుడా?"

"అవును దొరా, నా ఖర్మ."

కావలివాడు నవ్వాడు. నవ్వుతూనే పోలన చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "కుమ్మరి చెయ్యేనా ఇది? ఎక్కడా కాయ లేదు. రాజుగారి ఉంపుడుగత్తె చెయ్యి ఇంతకంటే గరుగ్గా ఉంటుంది."

పోలన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. పైడి మాత్రం చీరకొంగుతో మొహం తుడుచుకుని, "అందుకే మోత పని ఇచ్చాం దొరా. సారె దగ్గరికి రానిస్తే కుండ వంకర పోతుంది," అంది.

బల్లెం పక్కకి తప్పుకుంది.

కొండమెట్లు ఎక్కుతుంటే పోలన తన చేతులు తను చూసుకున్నాడు. కాయలు లేవు. ఆ చేతులకి కాయలు కాయకూడదనే మేనమామ ఎర్రయ్య తన చేతులు కాయించుకున్నాడు. పింగళానది రేవులో పడవ నడిపే ఎర్రయ్య, తల్లీ తండ్రీ లేని మేనల్లుణ్ణి పెంచి, ఆ రేవులో అక్షరం ముట్టినవాడు ఒక్కడూ లేని రోజుల్లో గురుకులానికి పంపాడు. పైడి ఆ ఎర్రయ్య కూతురే. పోలన చదువుకునేటప్పుడు తండ్రితో పాటు తనూ తెడ్డు వేసింది.

ఆ ఎర్రయ్య ఇప్పుడు నది నడుమ గద్దలంకలో ఉన్నాడు. అరచేతులు తెడ్డుకి అతుక్కుపోయాయి. మోకాళ్ళ దాకా కొయ్యబారిపోయాడు. అతనొక్కడే కాదు, తామ్రగిరి రాజ్యంలో పడవ నడిపే ప్రతివాడి గతీ అదే.

జరిగింది ఇదీ. తామ్రగిరి రాజుకి తలనొప్పి పట్టుకుంది. ఏ వైద్యుడికీ లొంగలేదు. కరాళకేతుడనే మాంత్రికుడు గద్దలంక నుంచి వచ్చి, ఏదో పసరు పిండి, చిటికెలో నయం చేశాడు. రాజు ఆనందం పట్టలేక ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. "నీ రాజ్యంలోని పడవలన్నీ ఇప్పించు," అన్నాడు మాంత్రికుడు. ఇంతేనా అని రాజు నవ్వి దానంగా ధారనీళ్ళు వదిలాడు. మర్నాడు తెల్లవారేసరికి రేవుల్లోని పడవలన్నీ తమంతట తామే కదిలి గద్దలంక వైపు సాగాయి. పడవవాళ్ళు దూకబోతే కాళ్ళు లేవలేదు. ఒడ్డున పెళ్ళాం పిల్లలు కేకలు పెడుతుంటే, వాళ్ళు పడవల్లో నిలబడినవాళ్ళు నిలబడినట్టే వెళ్ళిపోయారు. ఈ పొద్దు వాలగానే మాంత్రికుడు ఆ పడవలన్నీ పోగుపెట్టి నిప్పు పెడతాడు. ఆ బూడిద ఒంటికి పూసుకుంటే వాడికిక చావు లేదట.

రాజు ఇచ్చింది పడవల్నే. మనుషులు ఎందుకు వెళ్ళారు?

ఆ జవాబు కొండ మీద ఉంది. తామ్రగిరిలో ఏ దానమైనా, ఏ శాసనమైనా విశ్వసూత్ర మండపంలో ఎలా కట్టి ఉంటే అలాగే చెల్లుతుంది. లోకంలో పేరున్న ప్రతిదానికీ అక్కడ ఒక మట్టిపలక వేలాడుతుంది. ఎర్రదారంతో కడితే, ఇది ఫలానా దానిలో ఒక రకం అని. మామిడి చెట్లలో ఒక రకం, చెట్టు మొక్కల్లో ఒక రకం. తెల్లదారంతో కడితే, ఇది ఫలానా దానిలో ఒక భాగం అని. ఆకు కొమ్మలో భాగం, కొమ్మ చెట్టులో భాగం. చెట్టు అమ్మినవాడు కొమ్మలు నావి అని తిరిగి అడగలేడు కదా. భాగమైనది మొత్తంతో పాటే పోతుంది.

పడవవాళ్ళ పలక తెల్లదారంతో పడవ పలక కింద వేలాడుతోంది. రాజు దానమిచ్చాక దాన్ని విప్పడం రాజద్రోహం, అందుకే ఈ కుమ్మరి వేషం. ఆ ముడి వేసింది పోలన.

"ఏంటి బావా, నోరు పడిపోయిందా?" అంది పైడి, మెట్ల మలుపులో ఆగి. "పొరపాటున కట్టానన్నావుగా. పొరపాటు చెయ్యనివాడెవడు? మా నాన్న ఒకసారి నిద్రమత్తులో పెళ్ళివారిని ఎదురుగట్టుకి బదులు ఎక్కించుకున్న గట్టుకే తెచ్చి దింపాడు. అంత ఏడుపుమొహం పెట్టకు."

ఆమె తిడితే బాగుండుననిపించింది పోలనకి. ఓదారుస్తుంటే గంపలో పలకల బరువు రెట్టింపయింది.

మలుపు తిరిగేసరికి మండపం కనిపించింది. ఆహా, ఏమని చెప్పను ఆ కట్టడం! ఏనుగు దంతం రంగు రాతిస్తంభాలు మబ్బుల్లోకి లేచి, అక్కడ తామరరేకుల్లా విచ్చుకుని కప్పును మోస్తున్నాయి. గోడలకి బదులు చిల్లుల రాతితెరలు. వాటిలోంచి నదిగాలి జొరబడితే లోపలి పలకలన్నీ ఒకదానికొకటి తగిలి, గజ్జెలు కట్టిన ఊరంతా ఒక్కసారి నడిచినట్టు మోగుతుంది. నడికప్పు నుంచి ఒకే ఒక్క బంగారు పలక, దాని మీద 'ఉన్నది' అనే ఒక్క మాట. దాని కింద చరం, అచరం. వాటి కింద చీలికలు, చీలికల కింద చీలికలు. తలకిందులుగా మొలిచిన ఎర్రటి, తెల్లటి మహావృక్షంలా ఆ దారాలు నేల దాకా జాలువారుతున్నాయి.

ఆ అందాన్ని కళ్ళారా చూసే తీరిక వాళ్ళకి దొరకలేదు. గడపలో పడుకున్న రాయి లేచి నిలబడింది. సింహం మొహం, గద్ద రెక్కలు, ఎనిమిది కాళ్ళు. అది శరభం. మండపానికి కావలి.

"ఎవరు నువ్వు? దేని కింద?" అంది. మాట బండరాళ్ళు దొర్లినట్టుంది.

ఇద్దరు నిలబడితే ఒక్కణ్ణే అడిగింది. పోలన పైడి వైపు చూశాడు. శరభం చూపు పైడి మీద నుంచి గాలి మీద జారినట్టు జారిపోతోంది. పైడి దాని ముక్కు ముందు చెయ్యి ఊపింది. రెప్ప కూడా వెయ్యలేదు.

"బావా," అంది పైడి మెల్లగా, "దీనికి నేను కనబడటం లేదు."

పోలనకి అప్పుడు తెలిసింది. పలక ఉన్నవాళ్ళే శరభానికి ఉన్నట్టు. పడవవాళ్ళ పేర్లు రాయడానికి రేవుకి వెళ్ళిన రోజున అతను మగవాళ్ళనే అడిగాడు, మగవాళ్ళనే రాశాడు. ఆ పక్క పడవలో తెడ్డు వేస్తూ పైడి చెయ్యి కూడా ఊపింది. ఆమెకి ఏ పలకా రాయాలని అతనికి తోచలేదు.

"నన్ను రాయలేదన్నమాట," అంది పైడి. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "సరే, మంచిదే అయింది. నేను లోపలికి పోతున్నా. నీ సంగతి నువ్వు చూసుకో."

పోలన గంప కిందికి దించాడు. శరభం అతని చుట్టూ తిరిగి వాసన చూసింది. "నీ పలక పండితుల కింద ఉంది. లేఖకుడు పోలన. కాని నీ ఒంట్లో నదివాసన వస్తోంది, చేపల వాసన, తడిసిన కొయ్య వాసన. మండపంలో ఒక్కదానికి ఒక్కటే చోటు. రెండు చోట్ల ఉన్నవాణ్ణి రెండు ముక్కలు చేసి, చెరో ముక్క చెరో చోట కడతాను. చెప్పు. పండితుడివా, పడవవాడివా? నీ నోటితో నువ్వు చెప్పినదే చెల్లుతుంది."

పండితుణ్ణి అంటే లోపలికి నడిచిపోవచ్చు. ఒక్క మాట. ఆ మాట అతనికి కొత్త కూడా కాదు.

పైడి గడప మీద నిలబడి చూస్తోంది.

"పైడీ," అన్నాడు పోలన. "అది పొరపాటు కాదు."

"ఏది?"

"ఆ ముడి. మా ఆచార్యులు శ్రుతకీర్తిగారు లోకాన్ని పైనుంచి కిందికి చీల్చుకుంటూ రావాలనేవారు. ముందు పెద్ద కొమ్మలు, తరవాత రెమ్మలు. నేను కిందనుంచి పైకి కడదామన్నాను. వస్తువుల్ని వాడేవాళ్ళనే అడుగుదామని రేవుకి వచ్చాను. గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. పడవంటే ఏమేముంటాయి మామా అని అడిగితే, అడుగుచెక్క, తెడ్డు, చుక్కాని, లంగరు, నేను అన్నాడు మామ. నువ్వెందుకు అంటే, నేను లేకపోతే అది కొట్టుకుపోయే దుంగేరా అని నవ్వాడు. అదలాగే రాసుకొచ్చాను."

"నాన్న అలాగే అంటాడు. అందులో నీ తప్పేముంది?"

"కట్టేటప్పుడు ఆచార్యులు ఆపారు. వీళ్ళు మనుషుల్లో ఒక రకం కారా, పోలనా, ఎవరు వీళ్ళు, నీకు తెలిసినవాళ్ళా అని అడిగారు. చుట్టూ నా తోటివాళ్ళు ఉన్నారు. మంత్రి కొడుకు, పురోహితుడి కొడుకు. నేను రేవులో పుట్టానని వాళ్ళకి తెలియదు. నేను..." పోలన తన చేతుల వైపు చూసుకున్నాడు. "తెలియదండీ అన్నాను. ఎప్పుడూ పడవలోనే ఉంటారు, అక్కడే కట్టేద్దాం అన్నాను. గబగబా ముడి వేసి కిందికి దిగిపోయాను."

గాలికి పలకలు మోగాయి.

"చెప్పు!" అని శరభం గర్జించింది. రెక్కలు విప్పి, గోళ్ళు అతని భుజాల మీద ఆనించింది. రెండు భుజాల మీదా.

"పడవవాణ్ణి," అన్నాడు పోలన. "పింగళ రేవులో ఎర్రయ్య మేనల్లుణ్ణి. పడవవాణ్ణే."

లోపల ఎక్కడో ఒక దారం తెగి, మరో చోట ముడిపడ్డ చప్పుడయింది. మరుక్షణం అతని పాదాలు నేలకి బిగుసుకున్నాయి. వేళ్ళు కలిసిపోయి చెక్క అయ్యాయి. చెక్క చీలమండలు దాటి పిక్కల మీదికి పాకింది. పోలన నిలువునా వెనక్కి పడ్డాడు. శరభం ముక్కు చిట్లించి, "ఛీ, పడవముక్క," అని గోళ్ళు వెనక్కి తీసుకుంది. "వస్తువుకి నా అడ్డు లేదు," అని మళ్ళీ రాయిలా పడుకుంది.

పైడి వచ్చి గంపని అతని ఒళ్ళో పెట్టి, చంకల్లో చేతులు వేసి లోపలికి లాగింది. తల గడపకి కొట్టుకుంది. ఆమె ఆగలేదు. రెండో మెట్టుకి మళ్ళీ కొట్టుకుంది.

"దుంగ దానంతటదే జరుగుతోందేమిటి?" అని శరభం ఒక కన్ను తెరిచి, గాలేమోననుకుని మూసుకుంది.

"మా నాన్న ఎవరో తెలియదన్నావు," అంది పైడి, లాగుతూనే.

"అన్నాను."

"అందరి ముందూ."

"అందరి ముందూ."

"నిన్ను ఏం చెయ్యాలో నాన్న దిగాక నాన్నే చూసుకుంటాడు. ముందు దిగనీ. ఎక్కడ ఆ పలక?"

పోలన మోకాళ్ళ దాకా కొయ్యబారాడు. ఎక్కలేడు. వెల్లకిలా పడి, పైకి చూస్తూ దారి చెప్పాడు. "అచరం పట్టుకుని రా. దాని కింద మనిషి చేసినవి. అక్కణ్ణుంచి ఎడమకి, ప్రయాణ సాధనాలు. బండి, పల్లకి... ఆ పక్కది, పడవ!"

పైడి కొంగు నడుముకి బిగించి దారాలు పట్టుకుని ఎగబాకింది. తెరచాప కొయ్య ఎక్కే పిల్లకి అదొక లెక్కా? ఒక్క అడుగు జారి గుర్రాల పలక మీద కాలు వేసింది. కోట లాయంలో గుర్రాలన్నీ ఒక్కసారి సకిలించాయి. "దేని మీదా కాలు వెయ్యకు!" అని పోలన అరిచాడు. "గాల్లో ఎగరమంటావా?" అని ఆమె తిరిగి అరిచింది.

పడవ పలక కింద తెల్లదారాలు గుత్తిలా వేలాడుతున్నాయి. తెడ్డు, చుక్కాని, లంగరు, వాటి పక్కన పడవవాళ్ళు. ఆ పలక కిందనే కొత్తగా వచ్చి చేరిన చిన్న పలక, పోలన. పైడి పళ్ళతో ముడి పట్టి లాగింది.

"పగలకొడితే పోదా ఈ పీడ?"

"వద్దు! పలక పగిలితే ఆ పేరున్నవాళ్ళూ పగిలిపోతారు. నేల తాకనివ్వకు. ముడి విప్పి, మనిషి పలక దగ్గరికి తీసుకుపో. చరం వైపు, నడికప్పు కిందనే. ఎర్రదారం కండె ఆ దూలం కొక్కేనికి ఉంటుంది."

ముడి వీడింది. పైడి పలకను గుండెకి హత్తుకుని, ఒక దూలం మీద నుంచి మరో దూలం మీదికి గెంతి, మనిషి పలక దగ్గర ఆగింది. అక్కడే నిలబడిపోయింది.

"బావా. కొక్కెం ఖాళీ."

కండె లేదు. కొక్కెం మీద నల్లటి బూడిద వేలిముద్రలు ఉన్నాయి. కరాళకేతుడు ముందే వచ్చి వెళ్ళాడు. ఎవరైనా ముడి విప్పినా తిరిగి కట్టలేకుండా ఎర్రదారమంతా గద్దలంకకి పట్టుకుపోయాడు.

పైడి జడ విప్పి, జడతాడుతో కట్టి చూసింది. జారిపోయింది. కొంగు చించి కట్టింది. కట్టిన ముడి పాములా దానంతటదే విడిపోయింది. ఫలానా రకమని కట్టాలంటే ఆ మండపంలో ఎర్రదారం తప్ప ఏదీ నిలవదు, కొత్త ముడి పడేదాకా పాత ముడే చెల్లుతుంది. కింద పోలనకి కొయ్య నడుము దాటింది. ఊపిరి చెక్కలో ఇరుకుతోంది. రాతితెర చిల్లుల్లోంచి చూస్తే నది మీద వెలుగు పచ్చబారుతోంది. గద్దలంక ఒడ్డున కాగడాలు బారులు తీరుతున్నాయి.

"చేత్తో పట్టుకో!" అని అరిచాడు. "మనిషి పలకకి ఆనించి పట్టుకో!"

పైడి ఒక చేత్తో దూలం కావలించుకుని, రెండో చెయ్యి చాచి, పడవవాళ్ళ పలకను మనిషి పలక అంచుకి అదిమింది.

పోలన నడుము సడలింది. తొడలు, మోకాళ్ళు, పాదాలు. నెత్తురు తిరిగి పారుతుంటే నిప్పుల మీద నడిచినట్టుంది. పాకుతూ తెర దగ్గరికి పోయి చూశాడు. గద్దలంక ఒడ్డున పడవల్లో బొమ్మల్లా నిలబడ్డ మనుషులు చేతులెత్తుతున్నారు. ఒకడు తెడ్డు విదిలించి నీళ్ళలోకి దూకాడు. ఇంకొకడు. అందరికంటే ముందున్న పడవలో బట్టతల మనిషి ఒకడు తెడ్డెత్తి కాగడావాడి నెత్తిన వేశాడు.

"మామ!" అన్నాడు పోలన. "పైడీ, మామ కొడుతున్నాడు!"

పైడి ఆనందంతో కదిలింది. పలక వెంట్రుకవాసి జరిగింది. అంతే, అవతల ఎత్తిన తెడ్డు ఎత్తినట్టే ఆగిపోయింది. ఆమె మళ్ళీ అదిమింది. తెడ్డు దిగింది.

ఇద్దరికీ అర్థమైంది. ఆమె చెయ్యి ఉన్నంతసేపే వాళ్ళు మనుషులు.

"వెళ్ళు," అంది పైడి. "దారం పట్టుకురా."

"అంతసేపు ఎలా పడతావు?"

"పొద్దు పొడిచినప్పటి నుంచి వాలేదాకా తెడ్డు వేసిన చేతులు ఇవి. నువ్వు చదువుకుంటున్నప్పుడు ఏం చేశాననుకున్నావు?"

పోలన గంపలోంచి ఒక ఖాళీ పలక తీశాడు, మొలలోంచి గంటం తీశాడు. "ఒక్క క్షణం. నీ పేరు రాస్తాను. పడవ నడిపే ఆడవాళ్ళు అని, మనిషి కిందనే, పైడి అని..."

"పిచ్చివాడా, రాస్తే అది నన్ను చూస్తుంది!"

గడప దగ్గర శరభం లేచింది. మండపంలో చోటు మారిన వాసన తగిలింది దానికి. ఎనిమిది కాళ్ళతో చప్పుడు చేస్తూ లోపలికి వస్తోంది. దూలం మీద ఆడపిల్ల ఒక చేత్తో పలక పట్టుకుని నిలబడి ఉందని దానికి తెలియదు. తెలియకూడదు.

పోలనకి జీవితంలో ఏ పలకా రాయాలని అంతగా అనిపించలేదు. గంటం కింద పెట్టాడు. ఖాళీ పలకను ఖాళీగానే నేల మీద వదిలాడు.

"పైడీ, నేను..."

"తిరిగొచ్చి ఏడువు. పో!"

శరభం అతన్ని చూసింది. గర్జించి దూకింది. పోలన భుజంతో రాతితెరని ఢీకొట్టాడు. పాతరాయి పెళ్ళున విరిగింది. కింద కొండచరియ, చరియ కింద పింగళ. గురుకులంలో చేరినప్పటి నుంచి అతను నీళ్ళలో దిగలేదు, ఈత వచ్చని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చేతులు చాచి, మామ నేర్పినట్టు తల ముందుకి వంచి దూకాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. గద్దలంక మీద నుంచి మాంత్రికుడు కాపలా పెట్టిన రెక్కల మొసళ్ళు రెండు, నోళ్ళు తెరుచుకుని, అతనికెదురుగా లేచాయి.

చదివేవాళ్ళకి ఇక్కడొక మనవి. పోలన నీళ్ళు తాకాడా, మొసలి నోట పడ్డాడా అని మీకు ఆత్రంగా ఉంటుంది, కాదనను. కాని అతనికొక పలక ఉంది. ఎర్రయ్యకి ఉంది, ఆచార్యులకి ఉంది, ఆ మాంత్రికుడికి కూడా ఎక్కడో ఒకటి ఉంది. దూలం మీద చెయ్యి చాచి నిలబడ్డ ఆ పిల్లకి మాత్రం ఎక్కడా లేదు, ఇప్పట్లో ఎవరూ రాయడానికి వీల్లేదు. అందుకని, ఆమె చెయ్యి కిందికి దించేదాకా, దయచేసి మీరు గుర్తుపెట్టుకోండి. ఆమె పేరు పైడి.